మిరపకాయ చెవి దగ్గర పెట్టుకున్న కృష్ణుడు

నాకిప్పుడు 78 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. శివరాత్రికి కోటప్పకొండకు కట్టే ప్రభలకు బొమ్మలు వేశాను. గుడి వాహనాలకు రంగులు వేశాను. నాటకాలకు తెరలు రాశాను. అవన్నీ ఎండకీ వానకీ పోయాయి. ఒక్కటి నిలిచింది. చనిపోయిన నా స్నేహితుడి ఇంట్లో భోషాణం మీద వేసిన కుచేలుడి కథ. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు వచ్చి, పోయిన తమవాళ్ల పేరు మీద ఇలాంటిదే చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి మాస్టారూ అని అడిగారు. నోటితో చెబితే సగం మరిచిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

1. రంగు డబ్బా కంటే ముందు మూత తెరవండి

ఆ భోషాణం మావాడి అమ్మగారిది. ఆవిడ కాపురానికి వచ్చిననాడు ఎడ్లబండి మీద వచ్చింది. వేప చెక్క. మూలలకు ఇనుప పట్టీలు, ముందు గొళ్లెం, పైన సగమే తెరుచుకునే మూత. ఒకప్పుడు అందులో వడ్లు పోసేవాళ్లు, ఇత్తడి సామాను దాచేవాళ్లు, పండగ బట్టలు పెట్టేవాళ్లు. నేను చూసేనాటికి గొడ్ల చావడిలో తవుడు డబ్బాల పక్కన పడి ఉంది. మావాడు పోయిన ఏడాది, పాత సామాన్లు కొనేవాళ్లు వచ్చి ఇనుము ధర ఎక్కువా చెక్క ధర ఎక్కువా అని బేరం చేస్తుంటే నేను వెళ్లాను. వాడి కూతురితో, "అమ్మాయ్, ఆర్నెల్లు నాకివ్వు, మళ్లీ నీ ఇంటికే తెచ్చిస్తా" అన్నాను.

ఇంటికి తెచ్చి, గరుకు కాగితం పట్టుకుని మూత ఎత్తాను. మూత లోపలి వైపు బొగ్గుతో రాతలు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అలాంటి గుంపులు పదకొండు. అవి వడ్ల కొలతలు. పక్కన వంకర అక్షరాలతో "ఎర్రావు ఈనింది" అని ఉంది. దీర్ఘం ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది. ఆవిడ బడికి వెళ్లలేదు. కొడుకు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆ సంగతి మావాడు చాలాసార్లు చెప్పాడు కాబట్టి ఆ రాత ఎవరిదో నాకు అడగకుండానే తెలిసింది. గరుకు కాగితం కింద పెట్టేశాను. మూత లోపలి భాగం ఇప్పటికీ నేను ముట్టలేదు.

ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలో 15వ శతాబ్దంలో పెళ్లికూతురితో పంపే పెట్టెల మీద గ్రీకు, రోమన్ కథలు బొమ్మలుగా వేయించేవాళ్లు. తర్వాత కాలంలో చాలా పెట్టెల్ని విడగొట్టి, బొమ్మలున్న పలకను మాత్రం పటంలా గోడకు తగిలించారు. అది చదివినప్పుడు నాకు బాధ కలిగింది. పెట్టె పోయాక ఆ బొమ్మ ఏ ఇంటిదో ఎవరు చెప్పాలి?

2. వాడు మీకేం చేశాడో అందులోంచే కథ తీయండి

మొదట నేను దశావతారాలు అనుకున్నాను. తర్వాత గీతోపదేశం అనుకున్నాను. చూడటానికి బాగుంటాయి, చేయి తిరిగిన బొమ్మలు. కానీ మావాడికీ గీతోపదేశానికీ సంబంధం ఏముంది? వాడు ఎవరికీ ఉపదేశం చేసిన మనిషి కాదు.

ఈ పాఠం అర్థం కావాలంటే తెల్లదోమ రోజుల గురించి చెప్పాలి. మాది పర్చూరు దగ్గర రేగడి పల్లె. జీతం ఉన్నా, అందరితో పాటు నేనూ నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశాను. అప్పటికి కొన్నేళ్లుగా పత్తి మీద డబ్బు చూసిన ప్రాంతం మాది. కొత్తగా వచ్చిన మందులు మొదట పురుగును బాగా చంపాయి. దాంతో వారానికొకసారి కొట్టే చోట రెండుసార్లు కొట్టారు. దోమను తినే మంచి పురుగులు కూడా చచ్చాయి. 1985, 86 ప్రాంతాల్లో తెల్లదోమ విరుచుకుపడింది. చేలో అడుగుపెడితే పొగ లేచినట్టు లేచేది. ఆకు జిగటగా మారి, మీద మసి పట్టినట్టు నల్లబడేది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మందు షాపులకు బాకీపడిన రైతులు అదే మందు తాగి చనిపోయారు. 1987 నాటికి ఆ వార్త రాష్ట్రమంతా తెలుసు. మాకు మాత్రం అది వార్త కాదు. చనిపోయినవాళ్లలో నా దగ్గర చదివిన పిల్లల తండ్రులు ఉన్నారు.

నాకూ బాకీ ఉంది. మావాడు ఇల్లరికం వెళ్లి చిలకలూరిపేట అవతల కోటప్పకొండ వైపు స్థిరపడ్డాడు. మిరప వేసేవాడు, గుంటూరు యార్డుకు తోలేవాడు, కాస్త నిలదొక్కుకున్నాడు. చిన్నప్పుడు ఒకే గోనెసంచి కొప్పెర కింద ఇద్దరం వానలో బడికి వెళ్లినవాళ్లం. అయినా ఆ ఏడాది నేను వాడి ఊరు వెళ్లలేదు. వెళితే అడగాల్సి వస్తుంది. అడగడం నాకు చేతకాలేదు.

కార్తీకంలో ముసురు పట్టిన రాత్రి వాడే వచ్చాడు. ఆఖరి బస్సు దిగి, రేగట్లో నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. కాళ్లకు మోకాళ్ల దాకా నల్లమట్టి. అరుగు మీద కూర్చుని, "ఏముందమ్మా తినడానికి?" అని మా ఆవిడను అడిగాడు. ఇంట్లో బొరుగులున్నాయి. ఉల్లిపాయ కోసి, కారం, నూనె కలిపి ఇచ్చింది. తిన్నాడు. బాకీ గురించి అడగలేదు, నేను చెప్పలేదు. పొద్దున్నే లేచి వెళ్లిపోయాడు. ఆ నెల నుంచి షాపు మనిషి మా ఇంటికి రావడం మానేశాడు. వాయిదాల మీద కట్టుకో మాస్టారూ, తొందరేం లేదు అన్నాడు. నా జీతం చూసి అన్నాడనుకున్నాను. మూడేళ్లకు ఆఖరి వాయిదా కట్టిన రోజు షాపు గుమాస్తా చెప్పాడు. మావాడు తెల్లవారుజామున మా ఇంట్లోంచి నేరుగా షాపుకు వెళ్లి, నాకు పూచీ పడ్డాడట. నాతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట.

కుచేలుడు ద్వారకకు వెళ్లాడు. పెళ్లాం నలుగురిళ్లలో అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులు కొంగున కట్టుకుని వెళ్లాడు. ఏమీ అడగలేక, అడగకుండానే తిరిగి వచ్చాడు. ఇంటికి వచ్చేసరికి అక్కడ మేడ ఉంది. నా కథలో అడగలేకపోవడం ఉంది, అటుకులకు బదులు బొరుగులున్నాయి, చెప్పకుండా చేసిన సాయం ఉంది. ఒక్కటే తేడా. నేను ద్వారకకు వెళ్లలేదు. కృష్ణుడే బురదలో నడిచి వచ్చాడు. అందుకే భోషాణం మీద అలాగే వేశాను.

పెట్టెకూ కథకూ కుదరాలి, అది కూడా చూసుకోండి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విలియం బర్జెస్ అనే వాస్తుశిల్పి 1858లో తయారు చేయించిన రంగుల బీరువా ఒకటుంది. రాసుకోవడానికి వాడే బీరువా కాబట్టి, గ్రీకు దేశానికి అక్షరాలు తెచ్చాడని చెప్పే కాడ్మస్ కథ దాని మీద వేయించాడు. వడ్లు పోసే భోషాణానికి అటుకుల కథ సరిపోయిందని నేను తృప్తిపడింది ఆ బీరువా సంగతి గుర్తొచ్చాకే.

3. కథ మారిస్తే ఎదురుచెప్పేవాళ్లుంటారు, చదువుకుని కూర్చోండి

బొమ్మ సగంలో ఉండగా మా ఊళ్లో పురాణం చెప్పే పెద్దాయన వచ్చి చూశారు. "కృష్ణుడు కుచేలుడి ఇంటికి వెళ్లడమేమిటండీ, భాగవతంలో లేనిది వేస్తే పాపం కదా" అన్నారు. మంచి మనిషి, కోపంతో అన్నమాట కాదు. నేను దశమ స్కంధమే తీసి చూపించాను. కుచేలుడి కథ దాటి కొంచెం ముందుకు వెళితే మిథిలలో శ్రుతదేవుడనే పేద బ్రాహ్మణుడి కథ ఉంది. ఆ ఊరి రాజు బహుళాశ్వుడు, ఈ పేదవాడు, ఇద్దరూ ఒకేసారి మా ఇంటికి రమ్మంటే కృష్ణుడు రెండు రూపాలతో ఇద్దరిళ్లకూ వెళ్లాడు. శ్రుతదేవుడి ఇంట్లో ఇచ్చింది తిన్నాడు. పేదవాడి గుమ్మం కృష్ణుడికి కొత్త కాదు.

ఇంకో మాట కూడా చెప్పాను. అభిమన్యుడికీ శశిరేఖకూ పెళ్లి వ్యాసభారతంలో లేదు. అయినా శశిరేఖా పరిణయం మన పల్లెల్లో ఆడింది, 1957లో మాయాబజార్ సినిమాగా వచ్చింది, తెలుగువాళ్లు కళ్లకద్దుకున్నారు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే నెమలి పింఛం మాత్రం తీయకండి" అన్నారు. తీయలేదు. కిరీటం తీసి తలపాగా చుట్టి, అందులో పింఛం గుచ్చాను.

4. ముఖం వేయకండి, అలవాటు వేయండి

ఫోటో చూసి కృష్ణుడికి మావాడి ముఖం పెట్టాలని మొదట ప్రయత్నించాను. నీలం ఒంటి మీద ఓటరు కార్డు ముఖం అతికించినట్టు వచ్చింది. చెరిపేశాను.

మావాడికి ఒక అలవాటుంది. కల్లంలో ఎండుతున్న మిరపకాయ ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. చప్పుడు రాకపోతే ఇంకో రెండు రోజులు ఎండాలి. తడి మీద బస్తాలకెత్తితే కాయ బూజుపడుతుంది, రంగు మారి తాలుగా పోతుంది, యార్డులో తాలుకు పలికే ధర వేరు. అందరూ చేసే పనే అది. కానీ వాడు చేసేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. కాయ రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి.

ఆ వంపు నాకు ఎక్కడో చూసినట్టు అనిపించేది. వేణువు పట్టిన కృష్ణుడిది అదే వంపు. మూడో పలక మీద అరుగున కూర్చున్న కృష్ణుడికి వేణువు బదులు ఎండు మిరపకాయ ఇచ్చాను, పెదవి దగ్గర కాదు, చెవి దగ్గర. కళ్లు మూసి ఉన్నాయి. వాడి కూతురు మొదటిసారి చూసినప్పుడు ఏమీ అడగకుండా "నాన్న" అంది. ముఖం మాత్రం కలంకారీ పద్ధతి కృష్ణుడిదే, పెద్ద కళ్లతో.

5. ఒక పలకలో రెండు కాలాలు పట్టించడం అమరావతి చూసి నేర్చుకోండి

మనకు దగ్గరలోనే పెద్ద బడి ఉంది. అమరావతి స్తూపం మీది నలగిరి ఏనుగు శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుండ్రటి రాతిలో ఒక పక్క మదమెక్కిన ఏనుగు జనాన్ని తొక్కుకుంటూ వస్తుంది. అదే గుండ్రంలో ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. మధ్యలో గీత లేదు, గడి లేదు. చూసేవాడి కన్నే నడుచుకుంటూ వెళుతుంది.

నా మొదటి పలకలో గోనె కొప్పెర కింద ఇద్దరు పిల్లలున్నారు. సాందీపని ఆశ్రమంలో కట్టెలకు వెళ్లి రాత్రంతా వానలో చిక్కుకున్న కృష్ణుడూ కుచేలుడూ. వాళ్ల వెనకే, అదే వానలో, పెద్దవాడైన కృష్ణుడు చెప్పులు చేత పట్టుకుని నడుస్తుంటాడు. వాన ఒక్కటే.

కిందిమూల కేతిగాణ్ణీ బంగారక్కనూ పెట్టాను. తోలుబొమ్మలాట చూసి పెరిగినవాణ్ణి, వాళ్లు లేకుండా కథ చెప్పడం నాకు రాదు.

6. చెక్క, మట్టి, దూది

ఇది పని గురించిన పాఠం. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు.

పాత చెక్కను ముందు ఎండలో కాదు, నీడలో నెల రోజులు ఆరనివ్వండి. పగుళ్లకూ పురుగు బొక్కలకూ బజారు లప్పం పెట్టకండి, నాలుగేళ్లకు ఊడొస్తుంది. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పొడిని ఉడికించి, సన్నటి రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. బొమ్మకు చేతులూ కాళ్లూ దానితోనే అతుకుతారు. వాళ్లది తెల్లపొణికి, తేలికైన చెక్క. మనది వేప. అయినా ఆ మక్కు పట్టింది. దాని మీద సుద్ద, బంక కలిపి రెండు పూతలు. గీత గీయడానికి పెన్సిల్ వద్దు, వేప చెక్క మీద గాడి పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చింత పుల్లలు కాల్చిన బొగ్గుతో మొదటి గీత గీస్తారు. తప్పయితే గుడ్డతో దులిపితే పోతుంది. నేను అదే వాడాను. ఆ ఇంటి అమ్మ కూడా బొగ్గుతోనే రాసింది కదా అని ఇంకొంచెం ఇష్టంగా వాడాను.

రేగడి దారి వేయడానికి నిజమైన రేగడి మట్టినే వస్త్రకాయం పట్టి, బంక కలిపి పూశాను. మా ఊరి మట్టి ఆ పెట్టె మీద ఉండాలని ఆశ. వారంలో చేలో పగిలినట్టే పగిలింది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పొలంలో తెలిసిన సంగతి పెట్టె మీద మరిచిపోయాను. మొత్తం గీకి, దీపపు మసిలో జేగురు కలిపి నూనెరంగుతో వేశాను. మిరప ఎరుపు కూడా కాయ నుంచి తీయాలని చూడకండి. కల్లంలో ఎక్కువ రోజులు ఎండకు వదిలేసిన కాయ తెల్లబడటం ప్రతి రైతూ చూస్తాడు. ట్యూబు రంగే వాడండి.

వార్నిష్ మాత్రం మాఘ, ఫాల్గుణాల్లో పూయకండి. మా వైపు అవి మిరప కోతల రోజులు, జిన్నింగు మిల్లులు తిరిగే రోజులు. గాలిలో కారపు ఘాటు, దూది పీచు. తెలిసి కూడా తొందరపడ్డాను, సంవత్సరీకానికి ఇవ్వాలని. తెల్లవారి చూస్తే కృష్ణుడి కుడి పాదం మీద, బురద చారకు పైన, వేలెడు దూది పీచు అంటుకుని ఆరిపోయింది. బ్లేడుతో తీయబోయాను. మా ఆవిడ, "ఉండనివ్వండి, ఆయన మన చేలోంచే వచ్చాడుగా" అంది. వేలితో తడిమితే ఇప్పటికీ తగులుతుంది.

7. డబ్బు

తీసుకోలేదు. అడిగితే ఇచ్చేవాళ్లే. ఈ పాఠం ఇంతే.

8. ఇంటి ఆడవాళ్లకు చూపించకుండా పని పూర్తయిందనుకోకండి

వార్నిష్‌కు ముందు మావాడి భార్యను పిలిపించి చూపించాను. నన్ను అన్నయ్యా అంటుంది. చాలాసేపు చూసింది. చివరికి, "అన్నీ బాగున్నాయి అన్నయ్యా. కానీ ఆయన ఎప్పుడూ ఒక్కరే తినేవారు కాదు" అంది.

నేను కృష్ణుడొక్కడే బొరుగులు తింటున్నట్టు వేశాను. పురాణంలో అంతే కదా, ఒక పిడికెడు తిన్నాడు, రెండోది తినబోతే రుక్మిణి ఆపింది. కానీ ఆవిడ చెప్పాక ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో గుర్తొచ్చింది. మా పిల్లలిద్దరూ నిద్ర లేచి వచ్చారు. వాడు పళ్లెం వాళ్ల మధ్య పెట్టాడు. ముప్పై ఏళ్లు నేను ఆ రాత్రిని నా అవమానం వైపు నుంచే గుర్తుపెట్టుకున్నాను. పిల్లలు నా జ్ఞాపకంలోంచే పోయారు. మూడో పలక సగం చెరిపి, పళ్లెం చుట్టూ ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టాను. చిన్నది నిద్రకళ్లతో కృష్ణుడి మోకాలికి ఆనుకుని ఉంటుంది. మొత్తం భోషాణంలో నాకు బాగా కుదిరిన బొమ్మ అదే. ఆవిడ చెప్పకపోతే అది ఉండేది కాదు.

9. చేసింది వాడుకలోకి వెళ్లాలి

ఇంగ్లండులో 1859లో విలియం మోరిస్ పెళ్లి చేసుకున్నప్పుడు, అతని స్నేహితుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ బట్టల బీరువా మీద చాసర్ రాసిన కథ ఒకటి బొమ్మలుగా వేసి కానుకిచ్చాడు. బీరువా డిజైన్ ఇంకో స్నేహితుడు ఫిలిప్ వెబ్‌ది. అదిప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. కానీ మొదట ఆ ఇంట్లో బట్టలు పెట్టుకునే బీరువాగానే ఉంది. నాకు ఆ సంగతే నచ్చింది.

మావాడి సంవత్సరీకం నాడు భోషాణం ట్రాక్టర్ మీద వాళ్ల ఊరు చేరింది. హాల్లో పెట్టి, మీద గాజు పలక వేస్తామన్నారు. ఒద్దన్నాను. గాజు వేస్తే మూత ఎత్తరు, మూత ఎత్తకపోతే వాళ్ల నాయనమ్మ రాత ఎవరూ చూడరు. ఇప్పుడు అందులో వచ్చే కారుకు దాచిన మిరప విత్తనం, శీతాకాలం దుప్పట్లు, బ్యాంకు పాసు పుస్తకాలు ఉంటాయి. పిల్లలు మూత మీదెక్కి దూకుతారు. కేతిగాడి ముక్కు దగ్గర రంగు అప్పుడే రాలింది. నెలకోసారి వెళ్లినప్పుడు సరిచేసి వస్తున్నాను.

ఇది చదివేవాళ్లను ఒక్కటి అడుగుతున్నాను. మన పల్లెల్లో భోషాణాలు, ఊయల బల్లలు, పాత మందసాలు పాత సామాన్ల బళ్లకు తూకానికి పోతున్నాయి. మీ ఇంట్లో ఒకటి మిగిలి ఉంటే, అమ్మేముందు మూత పూర్తిగా ఎత్తి, లైటు వేసి, లోపలి వైపు చూడండి. ఏమైనా రాసి ఉంటే తడిగుడ్డ పెట్టి తుడవకండి. బొగ్గు రాత ఒక్క తుడుపుకే పోతుంది.